ఆమె సర్టిఫికెట్ సరే, మీ వదిన సంగతేంటి?

విజయనగరం నుంచి ఒకావిడ రాశారు. వాళ్లమ్మ వజ్రపుకొత్తూరు దగ్గర ఊళ్లో అన్నావదినల దగ్గర ఉంటున్నారు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. తోడు వెళ్లడానికి వదిన తన కన్నవారి ఊరి నుంచి ఒకామెను కుదిర్చింది. జీఎన్ఎం నర్సు కోర్సు చదివానని, విశాఖలో డయాలసిస్ వార్డులో చేశానని ఆమె చెప్పిందట. కానీ ఒకసారి చెప్పిన ఆసుపత్రి పేరు ఇంకోసారి చెప్పలేదు. ‘ఈమె అబద్ధం ఎలా బయటపెట్టాలి?’ అని ప్రశ్న.

అది పెద్ద పని కాదమ్మా. జీఎన్ఎం మూడేళ్ల కోర్సు. పాసైనవాళ్లకి రాష్ట్ర నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ కాగితం, పాత ఆసుపత్రి ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ చూపించమనండి. కాగితాలు లేకపోయినా మనిషి పనిలోనే తెలుస్తుంది. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చేతికి బీపీ చూడకూడదని, ఆ చేత్తో బరువు మోయనివ్వకూడదని డయాలసిస్ వార్డులో చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎండగా ఉందని దారిలో అమ్మకి కొబ్బరినీళ్లు తాగించిందని మీరే రాశారు. మీ అమ్మ ఉండే ఆ ఉద్దానం ప్రాంతంలో ఏ ఇంటికెళ్లినా ముందు చేతికిచ్చేది అవే, నిజమే. కానీ డయాలసిస్ మీదున్న మనిషికి అందులోని పొటాషియం గుండెకే ముప్పు. కాబట్టి మీ అనుమానంలో పస ఉంది.

అయితే ఏం చేయాలి? ఇంజెక్షన్లు, మందులు ఆమె చేతిలో పెట్టకండి. ఏం తినాలో, రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో అక్కడి డాక్టరు దగ్గర రాయించి గోడకి అంటించండి. ఆటో ఎక్కించి, దించి, ఆ నాలుగు గంటలూ దగ్గర కూర్చోవడానికి జీఎన్ఎం ఎందుకు? చదవని చదువు చెప్పుకోవడం తప్పే. ఆ మాట ఆమెతో విడిగా అడగండి. పదిమందిలో నిలబెట్టి పరువు తీయకండి, పొట్టకూటికి వచ్చిన మనిషి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో ఆమె గురించి రాసింది నాలుగు ముక్కలే, మిగతాదంతా వదినే. ‘వాళ్ల ఊరిదాన్నే తెచ్చింది’, ‘అమ్మకొచ్చే 10,000 పింఛను అటే పోతోంది’, ‘తనే వెళ్తే ఏం పోయింది?’ మరి మీరు వెళ్తే ఏం పోతుంది? ఇన్నాళ్లుగా ఇంట్లో అమ్మకి ఉప్పు తగ్గించి వేరే వండుతున్నది, రాత్రి ఆయాసం వస్తే లేస్తున్నది వదిన. ఆమె అలసిపోయి ఒక మనిషిని పెట్టుకుంటే, ఆ మనిషి సర్టిఫికెట్ అడ్డం పెట్టి మీరు వదినకి పరీక్ష పెడుతున్నారు. అత్తవారింట్లో ఉన్న ఆడపిల్లని, నాకెలా కుదురుతుంది అంటారా? నేను ఒప్పుకోను. అమ్మ విషయంలో తప్పొప్పులు ఎంచాలనుకుంటే కొంత బరువు మీరూ మొయ్యాలి.

ఇంకోటి. ఆ తోడుమనిషి గురించి అమ్మ ఏమంటోందో మీరు ఒక్క ముక్కా రాయలేదు. అడిగారా అసలు?

అన్నయ్యకి కాదు, వదినకే ఫోన్ చేయండి. వారంలో ఒక డయాలసిస్ రోజు నాది, రైల్లో నేరుగా పలాస వచ్చేస్తాను, ఆ రోజు నువ్వు ఆసుపత్రి సంగతి మర్చిపో అని చెప్పండి. కొబ్బరినీళ్ల మాట ఆ తర్వాత చెప్పండి, అప్పుడు వింటుంది. ‘ఇన్నాళ్లకి గుర్తొచ్చామా’ అని వెటకారంగా అంటే అననివ్వండి. ఆ మాట అనే హక్కు ఆమెకుంది.