టెక్ సందేహాలు: సందేశం కంటే ముందు గొంతును దాచండి

సందేహం: మా పెద్దమ్మ 1980ల చివర్లో ధ్యానంలోకి వెళ్లినప్పుడు ఆమె నోటి వెంట వచ్చిన బోధలను చుట్టూ కూర్చున్నవాళ్లు 40 క్యాసెట్లలో రికార్డు చేశారు. చాలావరకు నోట్‌బుక్కుల్లోకి కూడా ఎక్కించారు. అన్నీ కంప్యూటర్‌లో భద్రపరచాలని నా కోరిక. నోట్‌బుక్కులు టైపు చేయడంతో మొదలుపెట్టనా?

వద్దండీ, క్యాసెట్లతో మొదలుపెట్టండి. పొడిగా ఉంచిన కాగితం ఇంకా చాలాకాలం నిలుస్తుంది. టేపు మీది అయస్కాంత పూతకు, దాన్ని ఆడించే డెక్కులకు అంత వ్యవధి లేదు. పైగా నోట్‌బుక్కులో ఉన్నది రాసినవాళ్ల చెవికి అందినంతే. ఛానెలింగ్ అంటే ధ్యానస్థితిలో ఉన్న మనిషి నోట వేరే ఆత్మ మాట్లాడుతోందని చెప్పడం. 'రా' అనే ఆత్మ పేరుతో అలా వచ్చిన సందేశాల సంగతే చూడండి. 1981 జనవరి నుంచి 1984 వరకు 106 సెషన్లు జరిగాయి, అన్నీ టేపులకెక్కాయి, పుస్తకాలుగా అచ్చయ్యాయి. చాలా ఏళ్ల తర్వాత కొందరు ఓపిగ్గా కూర్చుని టేపులన్నీ మళ్లీ విని, అచ్చులో తప్పుగా పడిన మాటలను, వదిలేసిన భాగాలను సరిచేశారు. టేపులు దాచకపోయి ఉంటే ఆ తప్పులు అలాగే ఉండిపోయేవి.

పని మొదలుపెట్టే ముందు ప్రతి క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలను విరిచేయండి. ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ చెరగదు. తర్వాత టేపు బయటికి కనిపించే అంచు మధ్యలోకి తొంగి చూడండి. సన్నటి రేకు మీద వేలిగోరంత మెత్తటి ఫెల్టు ముక్క ఉండాలి. టేపును చదివే హెడ్‌కు ఆనించి పట్టేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఎండి ఇది ఊడిపోతుంది, అప్పుడు గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. టేపు పాడైందని పారేయకండి. స్క్రూలున్న మరో ఖాళీ డొక్కులోకి రెండు చుట్టలనూ మారిస్తే చాలు.

ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు ఆడించండి. డెక్కు 'లైన్ అవుట్' నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అక్కడి నుంచి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. గంట స్టీరియోకు సుమారు 1 జీబీ అవుతుంది. అన్నీ 90 నిమిషాల క్యాసెట్లే అనుకున్నా 40కి కలిపి సుమారు 62 జీబీ అవుతుంది. ఫ్లాక్ అనే ఫైల్ రూపంలోకి మారిస్తే ధ్వనిలో రవ్వంత కూడా పోకుండా పరిమాణం బాగా తగ్గుతుంది. ఎంపీ3 ఎవరికైనా పంపడానికే, దాచడానికి కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఈ తొలి ఫైల్‌లో గరగర తీసేయడం, మౌనం కత్తిరించడం లాంటివేవీ చేయకండి. మా ఇంటి టేపు ఒకదాన్ని నేను అలాగే 'శుభ్రం' చేశాను, అసలు కాపీ ఉంచుకోలేదు. మాటలు మొదలవడానికి ముందు మెల్లగా వినిపించిన ప్రార్థన గరగరతో పాటే పోయింది, ఆ టేపూ ఇప్పుడు లేదు. ఊపిరి మారడం, ప్రశ్న అడిగినవాళ్ల తడబాటు, జవాబుకు ముందు ఆగిన అరనిమిషం కూడా ఆ బోధలో భాగమే. శుభ్రం చేయాలనిపిస్తే కాపీ మీద చేయండి.

సందేహం: రికార్డింగులను విస్పర్‌తో అక్షరాల్లోకి మార్చాను. మధ్యమధ్య టేపులో లేని వాక్యాలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

ఛానెలింగ్ రికార్డింగులకు ఇది అసలైన ప్రమాదం. 2022లో ఓపెన్ఏఐ విడుదల చేసిన విస్పర్, మాటలు లేని చోట కూడా ఒక్కోసారి మాటలు అల్లేస్తుంది. మామూలు ఇంటర్వ్యూలో అలాంటి వాక్యం ఇట్టే పట్టుబడుతుంది. ధ్యానస్థితిలో మాట్లాడేవాళ్లు సుదీర్ఘంగా ఆగుతారు, వాళ్ల భాషా మామూలుగా ఉండదు. యంత్రం అల్లిన గంభీరమైన వాక్యం అక్కడ చక్కగా ఇమిడిపోతుంది. పదేళ్ల తర్వాత ఎవరో దాన్నే బోధగా నమ్ముతారు.

మాట ఉన్న భాగాలను మాత్రమే గుర్తించి పంపే 'వాయిస్ యాక్టివిటీ డిటెక్షన్' ఆన్ చేయండి. ముందు వాక్యాన్ని బట్టి తర్వాతది ఊహించే సెట్టింగును ఆపేయండి. ఇవి కొంత తగ్గిస్తాయంతే. చెవి పెట్టి మొదటి నుంచి చివరిదాకా సరిచూడక తప్పదు. వినిపించని చోట [అస్పష్టం 14:32] అని సమయంతో రాయండి. మౌనాన్ని [మౌనం, 40 సెకన్లు] అని రాయండి. యంత్రం ఇచ్చినది, మీరు సరిచేసినది, చదవడానికి వీలుగా దిద్దినది మూడూ వేర్వేరు ఫైళ్లుగా ఉండాలి.

సందేహం: సెషన్లలో కొందరు తమ జబ్బుల గురించి, కాపురాల గురించి అడిగారు. పేర్లు తీసేస్తే రికార్డు దెబ్బతినదా?

దెబ్బతినకుండా దారి ఉంది. నిద్రలాంటి స్థితిలోకి వెళ్లి జవాబులు చెప్పిన అమెరికన్ ఎడ్గార్ కేసీ 'రీడింగులు', అంటే ఆ జవాబుల రికార్డులు, 14 వేలకు పైగా మిగిలాయి. 1923 నుంచి ఆయన మాటలను షార్ట్‌హ్యాండ్‌లో రాసిన గ్లాడిస్ డేవిస్, తర్వాత వాటిని భద్రపరిచే పనికే జీవితం అంకితం చేశారు. ఆ రీడింగుల్లో పేర్లుండవు, రెండు అంకెలుంటాయి. గీతకు ముందుది వ్యక్తిది, తర్వాతది ఆ వ్యక్తికి చెప్పినవాటిలో ఎన్నోదో చెప్పేది. ఎవరి గుట్టూ బయటపడదు, ఒకే మనిషికి చెప్పినవన్నీ వరుసగా దొరుకుతాయి. మీరూ అలాగే చేయండి. అంకెలకు, పేర్లకు లంకె చూపే పట్టికను పాస్‌వర్డ్ పెట్టి విడిగా దాచండి. ఆడియోలో పేర్లు వినిపిస్తాయి కాబట్టి, అసలు ఆడియోను అందరికీ తెరిచి పెట్టకండి.

సందేహం: ఆత్మ చెప్పిన మాటలకు కాపీరైట్ ఎవరిది?

ఇంగ్లండ్ కోర్టులో 1926లోనే ఈ తగువు వచ్చింది. ఆత్మల మాటలను అందించే 'మాధ్యమం'గా పేరున్న జెరాల్డిన్ కమిన్స్ అనే ఆమె చేతి మీదుగా వచ్చిన రాతను ఫ్రెడరిక్ బ్లై బాండ్ విరామచిహ్నాలు పెట్టి పేరాలుగా అమర్చి, హక్కు తనకూ ఉందన్నారు. న్యాయమూర్తి హక్కు ఆమెదేనన్నారు. మిగతా దేశాల్లో చట్టం వేరుగా ఉండొచ్చు. ఏదైనా సరే, బయటపెట్టేముందు పలికినవారి నుంచి, వారు లేకపోతే వారసుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని స్కాన్ చేసి ఆ ఫోల్డర్‌లోనే ఉంచండి.

సందేహం: 1990ల్లో టైపు చేసిన మా ఫైళ్లు తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

అవి యూనికోడ్‌కు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంకేతం ఉండే నేటి పద్ధతికి, ముందటి ఫాంట్లు. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చారు కాబట్టి ఆ ఫాంట్ లేనిదే చదవలేం. ముందు అదే ఫాంట్ సంపాదించి ఫైల్ తెరిచి, పీడీఎఫ్/ఎ రూపంలో సేవ్ చేయండి. ఫాంట్‌ను తనలోనే ఇముడ్చుకునే ఈ పద్ధతి 2005 నుంచి ఐఎస్ఓ ప్రమాణం. తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, యూటీఎఫ్-8 టెక్స్ట్‌గా దాచండి. వత్తులు, సున్నాలు ఎక్కువగా చెడతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని వాటిని ఒక్కొక్కటే చూసుకోండి.

అన్నీ అయ్యాక మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఇంట్లో. ప్రతి ఫైల్‌కూ షా-256 సంఖ్య, అంటే ఫైల్‌లో ఏ కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టండి. ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చండి. ఏ సంఖ్య మారిందో ఆ ఫైల్ పాడైనట్టు, దాని స్థానంలో మంచి కాపీ పెట్టండి.