శుక్రుడి కళలు ఏం తేల్చాయి?

ప్రశ్న: గెలీలియో టెలిస్కోప్‌తో శుక్రుడిని చూడగానే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని రుజువైపోయిందా?

జవాబు: లేదు, సగం పనే అయింది. భూమే విశ్వానికి కేంద్రమన్న ప్రాచీన ఖగోళవేత్త టాలెమీ లెక్కలో శుక్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఇవతలే, భూమికీ సూర్యుడికీ మధ్యలోనే ఉంటాడు. అలాగైతే మనకు నెలవంకలాగే కనిపించాలి, సగానికి మించి వెలగకూడదు. 1610 చివరి నెలల్లో గెలీలియో చూసింది వేరు. మొదట చిన్నగా, దాదాపు గుండ్రంగా ఉన్న శుక్రుడు సగమయ్యాడు, ఆపైన పెద్ద వంకగా మారాడు. అంటే సూర్యుడి అవతలికీ వెళ్లి వస్తున్నాడన్నమాట. టాలెమీ నమూనా అక్కడితో కూలింది.

అయితే మరో ఖగోళవేత్త టైకో బ్రాహీ నమూనా చెక్కుచెదరలేదు (పాఠాల్లో తరచూ వదిలేసే సంగతి ఇదే). అందులో గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారు కాబట్టి శుక్రుడి కళలు అచ్చం ఇలాగే వస్తాయి. భూమి కదలికకు నేరుగా సాక్ష్యం దొరికింది 1729లో: భూమి వేగం వల్ల నక్షత్రాలు ఏడాది పొడవునా సుమారు 20 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) మేర అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తాయని ఖగోళవేత్త బ్రాడ్లీ చూపాడు. నక్షత్ర పారలాక్స్‌ను, అంటే భూమి చోటు మారడం వల్ల దగ్గరి నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించడాన్ని, ఖగోళవేత్త బెస్సెల్ 1838లో కొలిచాడు. అది ఆర్క్‌సెకనులో సుమారు మూడో వంతే!

మీరూ చూడాలంటే 30 రెట్లు పెంచి చూపే టెలిస్కోప్ చాలు. సూర్యుడు పూర్తిగా అస్తమించిన కాసేపటికే చూడండి. బాగా చీకటి పడితే శుక్రుడి మెరుపులో ఆకారం తెలియదు.