‘స్పష్టంగా ఇవ్వని’ అధికారాలా, ‘ఇవ్వని’ అధికారాలా?

సందేహం: పోటీ పరీక్షలకు తెలుగు మాధ్యమంలో పాఠాలు చెబుతుంటాను. అమెరికా రాజ్యాంగం గురించి నా దగ్గరున్న ఒక నోట్సులో ‘కేంద్రానికి స్పష్టంగా ఇవ్వని అధికారాలు రాష్ట్రాలవేనని రాజ్యాంగం చెబుతోంది’ అని ఉంది. ఇంకో నోట్సులో ‘కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలవేనని రాజ్యాంగం స్పష్టంగా చెబుతోంది’ అని ఉంది. తెలుగులో మాటలు అటూ ఇటూ మార్చుకోవచ్చు కదా, రెండూ ఒకటే అనుకున్నాను. ఏది రాయాలో తెలియక పిల్లలు టెన్షన్ పడుతున్నారు. నిజంగా తేడా ఉందా?
– ఒక అధ్యాపకురాలు, వరంగల్

సమాధానం: ఉందండీ, చాలా ఉంది. మీ మొదటి వాక్యం తప్పు. రెండోది చాలావరకు సరైనదే.

ముందు వ్యాకరణం. తెలుగులో మాటల వరసకు స్వేచ్ఛ ఉన్న మాట నిజమే. ‘నిన్న ఊరికి వెళ్లాను’ అన్నా ‘ఊరికి నిన్న వెళ్లాను’ అన్నా ఒకటే. కానీ వాక్యంలో రెండు క్రియలుంటే ‘స్పష్టంగా’ లాంటి క్రియావిశేషణం తన తర్వాత వచ్చే దగ్గరి క్రియనే పట్టుకుంటుంది. ఆ క్రియ ‘ఇవ్వని’ లాంటి వ్యతిరేక రూపమైతే అర్థం ఇంకా మారుతుంది. ‘మాస్టారు చెప్పని పాఠం’ అంటే అసలు చెప్పనే లేదని. ‘మాస్టారు వివరంగా చెప్పని పాఠం’ అంటే చెప్పారు గాని వివరంగా చెప్పలేదని. రెండో మాటలో వ్యతిరేకత ‘వివరంగా’ మీదికి వెళ్లింది. అలాగే ‘స్పష్టంగా ఇవ్వని అధికారాలు’ అన్నప్పుడు, మాటల్లో చెప్పకుండా భావంలో ఇమిడి ఉన్న అధికారాలు కూడా రాష్ట్రాల ఖాతాలోకి వెళ్లిపోతాయి. అమెరికాలో నూటయాభై ఏళ్లకు పైగా సాగిన వాదం సరిగ్గా ఈ ఒక్క క్రియావిశేషణం చుట్టూనే తిరిగింది.

1781లో అమల్లోకి వచ్చిన తొలి సమాఖ్య ఒప్పందంలో ఆ మాట ఉంది. ‘స్పష్టంగా అప్పగించని’ ప్రతి అధికారాన్నీ రాష్ట్రాలే అట్టిపెట్టుకుంటాయని దాని రెండో అధికరణం చెప్పింది. దాని కింద జాతీయ ప్రభుత్వానికి పన్ను వేసే అధికారం కూడా లేదు. 1787లో ఫిలడెల్ఫియాలో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. తర్వాత, మిగిలిన అధికారాలు ఎవరివో చెప్పే పదో సవరణ చర్చకు వచ్చినప్పుడు, 1789లో సౌత్ కరోలినా ప్రతినిధి టక్కర్ ఆ మాటను మళ్లీ చేర్చాలన్నారు. ఆ సవరణలను ప్రతిపాదించిన మాడిసన్ ఒప్పుకోలేదు. రాజ్యాంగం ప్రతి చిన్న విషయాన్నీ రాసి పెట్టలేదని, కొన్ని అధికారాలు భావంలోనే ఇమిడి ఉండక తప్పదని ఆయన వాదన. టక్కర్ ప్రతిపాదన ఓడిపోయింది. 1791లో ఆమోదం పొందిన సవరణలో ఆ మాట లేదు.

దాని ఫలితం 1819లో బయటపడింది. జాతీయ బ్యాంకుకు బాల్టిమోర్‌లో ఉన్న శాఖ మీద మేరీల్యాండ్ రాష్ట్రం పన్ను వేసింది. బ్యాంకు పెట్టే అధికారం రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదని రాష్ట్రం వాదించింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఆ సవరణను ఒక భాషావేత్త చదివినట్టే చదివారు. పాత ఒప్పందంలో ఉన్న ‘స్పష్టంగా’ కొత్తదానిలో లేదు, ఆ మాట తెచ్చిన ఇబ్బందులు అనుభవించినవాళ్లే దాన్ని వదిలేసి ఉంటారు అన్నారు. బ్యాంకు నిలిచింది, రాష్ట్రం వేసిన పన్ను చెల్లలేదు. ఒక పదం ఉందా లేదా అని చూసి ఇంత పెద్ద విషయం తేల్చిన తీర్పులు అరుదు. ఈ కేసును మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఇక నన్ను బాగా బాధపెట్టే ఘట్టం 1918 నాటిది. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించే ఫ్యాక్టరీల సరుకు రాష్ట్రం దాటి వెళ్లకూడదని 1916లో చట్టం వచ్చింది. నార్త్ కరోలినాలోని షార్లట్‌లో ఒక నూలు మిల్లులో ఇద్దరు కొడుకులు పనిచేస్తున్న డాగెన్‌హార్ట్ అనే తండ్రి ఆ చట్టం చెల్లదని కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 5–4 తేడాతో చట్టాన్ని కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ డే, పదో సవరణ సారాన్ని చెబుతూ ‘జాతీయ ప్రభుత్వానికి స్పష్టంగా అప్పగించని అధికారాలు’ రాష్ట్రాలవని రాశారు. 1789లో సభ తోసిపుచ్చిన మాట అలా తీర్పులో వచ్చి కూర్చుంది. తీర్పు మొత్తం దాని మీదే నిలబడలేదు గాని, రాజ్యాంగంలో లేని మాటను ఉన్నట్టుగా చూపడం మాత్రం చిన్న తప్పు కాదు. మిల్లుల్లోని పిల్లల బతుకులు ఆ తీర్పుతో ముడిపడి ఉన్నాయి మరి. మీ మొదటి నోట్సులో ఉన్నదీ ఇదే పొరపాటు.

1941లో డార్బీ కేసులో కోర్టు ఏకగ్రీవంగా పాత తీర్పును రద్దు చేసింది. వదులుకోనిదంతా తమ దగ్గరే ఉంటుందన్న తెలిసిన సత్యాన్నే పదో సవరణ చెబుతోందని, అంతకుమించి ఏమీ లేదని అంది. ఆ తర్వాత వాదం, రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించేందుకు ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చిన అధికారంలోని ‘వాణిజ్యం’ అనే ఇంకో మాట హద్దు మీదికి మళ్లింది. 1995లో, బడి దగ్గర తుపాకీ ఉంచుకోవడం అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని లోపెజ్ కేసులో కోర్టు తేల్చింది. 2012లో, ఆరోగ్య బీమా కొనితీరాలని వాణిజ్య అధికారం కింద బలవంతపెట్టకూడదంటూనే, కొననివారి మీద వేసే సొమ్మును పన్నుగా భావించి ఆ నిబంధనను నిలబెట్టింది.

మీ రెండో వాక్యంలోనూ రెండు సవరణలు కావాలి. పదో సవరణ చివర ‘ప్రజలు’ కూడా ఉన్నారు, వాళ్లను వదిలేయకూడదు. రాష్ట్రాలకు నిషేధించిన అధికారాలూ ఇందులోకి రావు. కాబట్టి ఇలా రాయించండి: ‘రాజ్యాంగం ఫెడరల్ ప్రభుత్వానికి అప్పగించని, రాష్ట్రాలకు నిషేధించని అధికారాలు ఆయా రాష్ట్రాలకు గాని, ప్రజలకు గాని చెందుతాయి.’

అమెరికా విషయంలో ‘కేంద్రం’ అనకుండా ‘ఫెడరల్ ప్రభుత్వం’ అంటే మంచిది. ‘కేంద్రం’ అనగానే పిల్లల మనసులోకి మన పద్ధతే వస్తుంది. మన రాజ్యాంగం 248వ అధికరణం ప్రకారం రాష్ట్ర జాబితాలో గాని, ఉమ్మడి జాబితాలో గాని లేని విషయాల మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుది. అమెరికాలో మిగిలిన అధికారాలు వెళ్లేది దానికి ఎదురు దిక్కుకు.