పిన్‌బాల్ మెషీన్ కొనండి, పెట్టుబడి అని మాత్రం అనకండి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఒకాయన గ్యారేజీలో 1990ల నాటి విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ మెషీన్ (వాలుగా ఉన్న బల్ల మీద స్టీలు బంతిని మీటలతో కొడుతూ పాయింట్లు సాధించే ఆట) ఉంది. 6,500 డాలర్లు చెబుతున్నాడు. జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) 500 అడ్వాన్స్ పంపితే ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపుతానంటున్నాడు. పాత మెషీన్ల ధరలు పెరుగుతున్నాయి కాబట్టి ఇది పెట్టుబడే అని నా వాదన. నా భార్య ఒప్పుకోవడం లేదు. ఊరి నుంచి వచ్చిన నాన్నగారు ‘జూదం మెషీన్ ఇంట్లో ఎందుకురా’ అంటున్నారు. నెల ఖర్చు 6,000, ఎమర్జెన్సీ ఫండ్ 18,000, క్రెడిట్ కార్డు బాకీ 4,200 డాలర్లు (24 శాతం వడ్డీ). ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి మాట. అది మరీ చాదస్తమేం కాదు. న్యూయార్క్ నగరం 1942లో సరిగ్గా ఆ కారణంతోనే పిన్‌బాల్‌ను నిషేధించి, 1976లో గానీ ఎత్తేయలేదు.

ఇక మీ వాదన. విలియమ్స్ వాళ్లు 1997లో ‘మెడీవల్ మ్యాడ్‌నెస్’ అనే మెషీన్‌ను నాలుగు వేల చిల్లర మాత్రమే తయారు చేశారు. 1999లో పిన్‌బాల్ వ్యాపారమే మూసేశారు. ఇక దొరకదనుకుని జనం ఎగబడ్డారు. 2010లలో మరో కంపెనీ లైసెన్సు తీసుకుని అదే మెషీన్‌ను మళ్లీ కొత్తగా తయారు చేసింది. మీ దగ్గరున్నది ఎంత అరుదో తేల్చేది మీరు కాదు, లైసెన్సు ఉన్నవాళ్లు. పైగా ఇది డివిడెండ్ ఇవ్వదు, రిపేర్లు అడుగుతుంది. లాభానికి అమ్మితే పన్ను కట్టాలి. ఇంట్లో ఆడుకోవడానికి కొన్నదాన్ని నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోవడం కుదరదు. సరదా కోసం కొంటున్నానని ఇంట్లో చెప్పండి. ఆ మాటకే మీ ఆవిడ ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఫండ్‌లోంచి 6,500 తీస్తే రెండు నెలల ఖర్చు కూడా మిగలదు. లేఆఫ్‌ల కాలంలో, అందులోనూ వీసా మీద ఉంటే, నేను ససేమిరా ఒప్పుకోను. కార్డు బాకీ మీద ఏటా దాదాపు వెయ్యి డాలర్ల వడ్డీ పోతోంది. ముందు అది తీర్చండి. నెలకు 800 పక్కన పెడితే ఆరు నెలల్లోపే బాకీ తీరుతుంది, ఆ తర్వాత తొమ్మిది నెలల్లో మెషీన్ డబ్బు జమ అవుతుంది. రిపేర్లకు ఇంకో వెయ్యి ఉంచుకోండి. ఈలోగా ఈ మెషీన్ అమ్ముడుపోవచ్చు. పోనివ్వండి, ఇంకోటి వస్తుంది.

అప్పుడు బేరానికి వెళ్లేముందు, మీరు వచ్చేదాకా మెషీన్ ఆన్ చేయొద్దని అమ్మేవాడికి చెప్పండి. కొన్ని లోపాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, కొన్ని అరగంట ఆడాక. అందుకని రెండూ చూడాలి. 90ల విలియమ్స్ మెషీన్ల తెర మీద క్రెడిట్స్ (ఇంకా ఆడగలిగే ఆటలు) అంకె పక్కన చిన్న చుక్క కనిపిస్తే, మెషీనే తనలో ఏదో లోపం ఉందని చెబుతోందన్నమాట. కాయిన్ డోర్ (నాణేలు వేసే చోటి తలుపు) తెరిస్తే లోపల టెస్ట్ బటన్లు ఉంటాయి. స్విచ్‌లు, లైట్లు, కాయిల్స్ ఒక్కొక్కటిగా పరీక్షించమనండి. వెనక పెట్టె తెరిపించి మెయిన్ బోర్డు మీదున్న మూడు ఏఏ బ్యాటరీలు చూడండి. అవి కారి, చుట్టూ పచ్చగా తుప్పు పట్టి ఉంటే బోర్డే మార్చాల్సి రావచ్చు. ఫ్లిప్పర్లు (బంతిని కొట్టే మీటలు) నీరసంగా ఉంటే పెద్ద ఖర్చు కాదు. ప్లేఫీల్డ్ (బంతి దొర్లే బల్ల) మీద పెయింట్ చెక్క దాకా అరిగిపోయి ఉంటే మాత్రం ధర బాగా తగ్గించాల్సిందే. అద్దం తీసి టార్చ్ వేసి చూడండి.

‘ఫ్యూజ్ ఒక్కటి మారిస్తే చాలు’ అంటే నమ్మకండి. అంత తేలికైతే ఆయనే మార్చి ఇంకో వెయ్యి ఎక్కువ చెప్పేవాడు.

అడ్వాన్స్ సంగతి: చూడని వస్తువుకు జెల్‌లో పైసా పంపకండి. మీ అంతట మీరు పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. మెషీన్ చూసి, ఆడి, వ్యాన్‌లోకి ఎక్కించే ముందు డబ్బు ఇచ్చి, సీరియల్ నంబరు రాసిన రసీదు మీద సంతకం తీసుకోండి. అన్నట్టు, దీని బరువు 250 పౌండ్ల పైనే. మీ గేమ్ రూమ్ మేడ మీద ఉంటే కాళ్లు విప్పినా నలుగురు కావాలి. మోసేవాళ్ల కూలి కూడా ఆ 6,500లోనే ఇమిడేలా బేరం ఆడండి.