నాలుగు వందల డీవీడీలను 4కె డిస్కులకు మార్చుకోవాలా?

మీ దగ్గర సుమారు 400 డీవీడీలు, ఓ వంద బ్లూరేలు ఉన్నాయనీ, ఈమధ్యే 55 అంగుళాల 4కె టీవీ కొన్నారనీ, ఇప్పుడు ఆ సేకరణ మొత్తాన్ని 4కె బ్లూరేలకు మార్చుకోవడం మంచిదేనా అనీ అడిగారు. వీహెచ్ఎస్ క్యాసెట్లతో మొదలుపెట్టి ఇప్పటికి మూడుసార్లు ఫార్మాట్ మారినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఫార్మాట్‌ను చూసి మొత్తంగా మారవద్దు. ఒక్కో సినిమాకు కొత్త డిస్కు ఏ మూలం నుంచి తయారైందో తెలుసుకుని, దాన్ని బట్టి ఒక్కొక్కటిగా మారండి.

ఈ సంగతి నాకు ఒక పొరపాటు వల్ల తెలిసివచ్చింది. బ్లూరేకు, హెచ్‌డీ డీవీడీకి మధ్య సాగిన పోటీ 2008 ఫిబ్రవరిలో హెచ్‌డీ డీవీడీని నడిపించిన తోషిబా తప్పుకోవడంతో ముగిసింది. ఇక నిలిచేది బ్లూరేయే అన్న ధీమాతో, ఆ తర్వాత రెండేళ్లపాటు ఏ సినిమా బ్లూరేగా వస్తే దాని డీవీడీని తెలిసినవారికి ఇచ్చేస్తూ వచ్చాను. అలా ఇచ్చేసినవాటిలో 1950ల నాటి రంగుల చిత్రం ఒకటి ఉంది. పాతికసార్లకు తక్కువ కాకుండా చూసిన చిత్రమది. కొత్త డిస్కు పెట్టినప్పుడు మొదటి పది నిమిషాలు కళ్లు చెదిరాయి. ఆ తర్వాత నాయిక కిటికీ పక్కన నిలబడి ఉత్తరం చదివే దృశ్యం వచ్చింది. డీవీడీలో మసకగానైనా ఆమె నుదుటి మీది సన్నని చెమట, నూలు దుస్తుల నేత తెలిసేవి. కొత్త డిస్కులో ముఖం మైనం పూసినట్టు నున్నగా ఉంది, దుస్తులు రంగు వేసిన అట్టలా ఉన్నాయి, ఆమె తల తిప్పినప్పుడు చెంప మీది ఛాయ ఒక్క క్షణం వెనకబడి కదిలింది.

దీనికి కారణం ఫార్మాట్ కాదు, గ్రెయిన్‌ను మురికిగా భావించి తుడిచేసిన మాస్టర్, అంటే డిస్కుల తయారీకి ఆధారమైన మూల ప్రతి. ఫిల్ము మీద బొమ్మ ఏర్పడటమే వెండి లవణాల రేణువుల ద్వారా జరుగుతుంది. రంగుల ఫిల్ములో ఆ వెండిని తర్వాత తొలగించినా రేణువుల ఆకృతి రంగుల్లో నిలిచిపోతుంది. దాన్నే మనం గ్రెయిన్ అంటున్నాం. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో గట్టిగా తుడిస్తే, సన్నని గీతకూ రేణువుకూ తేడా దానికి తెలియదు కాబట్టి, చర్మం ముడతలూ బట్ట నేతా కూడా దానితోపాటే పోతాయి. పైగా ఆ డిస్కులో సినిమా విడుదలైనప్పటి మోనో (ఒకే చానెల్) సౌండ్ ట్రాక్ లేదు. చుట్టూ స్పీకర్ల కోసం కొత్తగా చేసిన 5.1 మిక్స్ మాత్రమే ఉంది, అందులో తలుపు చప్పుడు మొదలుకొని వాన శబ్దం దాకా కొన్ని కొత్తవి చేర్చారు. అసలు ట్రాక్ ఉన్న డీవీడీని నేను చేజేతులా ఇచ్చేశాను. దాన్ని మళ్లీ పాత సరుకులో వెతికి పట్టుకోవడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది.

ఇక అంకెల విషయం. డీవీడీలో బొమ్మ 720×480 లేదా 720×576 పిక్సెళ్లు, బ్లూరేలో 1920×1080, 4కె బ్లూరేలో 3840×2160. అంటే 480 గీతల డీవీడీతో పోలిస్తే బ్లూరేలో ఆరు రెట్లు, బ్లూరేతో పోలిస్తే 4కెలో నాలుగు రెట్లు పిక్సెళ్లు ఉంటాయి. మొదటి తేడా ఎవరి కంటికైనా ఆనుతుంది. రెండోదాన్ని చూడగలగడం మాత్రం మీరు ఎంత దూరంలో కూర్చుంటారన్నదాని మీద ఆధారపడుతుంది. మామూలు చూపు ఉన్నవారు 55 అంగుళాల టీవీలో 1080 గీతల బొమ్మలోని పిక్సెళ్లను విడివిడిగా గుర్తించగలిగేది సుమారు ఏడడుగుల దూరం వరకే. తొమ్మిది, పదడుగుల దూరంలో కూర్చునేవారికి 4కెలోని అదనపు పిక్సెళ్లు కనబడే అవకాశం చాలా తక్కువ.

అయినా నేను 4కె డిస్కులు కొంటూనే ఉన్నాను, ఎందుకంటే వాటి అసలు బలం వెలుగునీడల్లో ఉంది. బ్లూరేలో ఒక్కో మూలవర్ణానికి 8 బిట్లు, అంటే 256 మెట్లు. 4కె బ్లూరేలో 10 బిట్లు, అంటే 1024 మెట్లు. దానికి హెచ్‌డీఆర్ (బాగా వెలుగైనవీ బాగా చీకటైనవీ ఒకే బొమ్మలో చూపే పద్ధతి) తోడైతే మంచి టీవీ మీద తేడా దూరం నుంచే తెలుస్తుంది. సొరంగంలో లాంతరు పట్టుకుని నడిచే ఒక దృశ్యాన్ని నేను రెండు డిస్కుల్లోనూ వెంటవెంటనే చూశాను. బ్లూరేలో మంట ఒక తెల్లని మచ్చ మాత్రమే. గోడ మీద వెలుగు పలచబడే చోట వలయాలు వలయాలుగా గీతలు కనిపించాయి. 4కెలో మంట నడిబొడ్డున పసుపు, అంచున నారింజ రంగు విడివిడిగా తెలిశాయి, గోడ మీద వెలుగు ఏ గీతా లేకుండా చీకట్లో కలిసిపోయింది. ఇది చూసిన తర్వాత ఆ సినిమా బ్లూరేను మళ్లీ పెట్టలేదు. అయితే 4కె అని రాసి ఉన్న ప్రతి టీవీకీ హెచ్‌డీఆర్‌ను సరిగా చూపేంత వెలుగు ఉండదు. చాలినంత వెలుగు లేని టీవీలో అదే డిస్కు మామూలు బ్లూరే కంటే చీకటిగా కనిపించవచ్చు. మీ టీవీ ఏ కోవలోదో ముందు తేల్చుకోండి.

మూలం సంగతి చెబుతానన్నాను. 35 మిల్లీమీటర్ల నెగటివ్ మీద తీసిన సినిమాను ఆ నెగటివ్ నుంచే 4కెలో స్కాన్ చేసి ఉంటే, దాని వయసు ఎంతైనా సరే, మారడం దండగ కాదు. ఇందుకు భిన్నంగా 2000ల తర్వాత వచ్చిన ఎన్నో చిత్రాలకు ఎడిటింగూ గ్రాఫిక్సూ పూర్తిచేసిన తుది మాస్టర్ 2కెలోనే, అంటే దాదాపు బ్లూరే స్థాయి పిక్సెళ్లతోనే ఉంది. వాటి 4కె డిస్కు సాగదీసిన బొమ్మే. అక్కడ దక్కే లాభమేదైనా ఉంటే అది రంగుల్లో, వెలుగులో మాత్రమే. 2000ల తొలినాళ్లలో కొందరు చిన్న డిజిటల్ వీడియో కెమెరాలతో తీసిన సినిమాలకైతే డీవీడీని మించిన వివరం మూలంలోనే లేదు. అందువల్ల కొనేముందు డిస్కు వెనక అట్ట మీది మాటలను ఓపికగా చదవండి. ఒరిజినల్ నెగటివ్ నుంచి 4కె స్కాన్ అని స్పష్టంగా రాస్తే అది ఒక భరోసా. ఊరికే రీమాస్టర్ అని మాత్రమే ఉంటే, ఇప్పటికే చూసినవారు పెట్టిన స్క్రీన్‌షాట్లు చూడకుండా కొనవద్దు.

మీ డీవీడీల్లో ముందుగా మార్చాల్సినవి కొన్ని ఉంటాయి. తొలినాళ్ల డీవీడీల్లో కొన్నింటిని పాత చదరపు టీవీల కోసమే చేశారు. వాటిని వెడల్పు టీవీలో పెడితే నాలుగు వైపులా నల్లని అంచుల మధ్య చిన్న బొమ్మ కనిపిస్తుంది. వాటిని మొదట మార్చండి. ఆ తర్వాత పాల్ (భారత్, యూరప్ వంటి చోట్ల వాడిన టీవీ ప్రమాణం) పద్ధతిలో చేసినవి చూడండి: సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను వాటిలో 25తో నడపడం వల్ల 100 నిమిషాల చిత్రం 96 నిమిషాలకే అయిపోతుంది, సరిదిద్దకపోతే గొంతులూ కాస్త సన్నబడతాయి. పాటలున్న సినిమాల్లో ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మిగతావాటికి తొందరేమీ లేదు. 4కె ప్లేయర్లు సాధారణంగా బ్లూరేలనూ డీవీడీలనూ కూడా ఆడిస్తాయి. 4కె డిస్కులకు రీజియన్ కోడ్ (ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడాలన్న కట్టడి) లేదు కానీ అదే ప్లేయర్‌లో డీవీడీలకూ బ్లూరేలకూ ఆ నిబంధన కొనసాగుతుంది, అది మాత్రం చూసుకోండి. డీవీడీ తర్వాత మరే రూపంలోనూ రాని సినిమాలు ఎన్నో ఉన్నాయి; వాటిని దేనికోసమూ వదులుకోవద్దు. ఏడాదికోసారి తీసి వెలుగుకు పట్టి చూడండి, ఒక పొర డిస్కులో చివరి అరగంటనూ, రెండు పొరల డిస్కులో సినిమా నడిమి భాగాన్నీ ఆడించి చూడండి. లోపలి లోహపు పొర పాడవడం మొదలైతే చాలాసార్లు అంచు దగ్గరే ముందు బయటపడుతుంది.

కొత్త డిస్కులకూ వాటి ఇబ్బంది ఉంది. మూడు పొరల 100 జీబీ డిస్కు ఒకటి నా ప్లేయర్‌లో గంటన్నర దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. పాడైందనుకుని వెనక్కి పంపబోతూ దీపం కింద పట్టి చూస్తే పలచని పొగమంచులాంటి పూత కనబడింది. మెత్తని పొడి గుడ్డతో మధ్యనుంచి అంచువైపు తిన్నగా తుడిచాక మళ్లీ ఆగలేదు.

ముందు మీ 400లో గత రెండేళ్లలో నిజంగా తీసి చూసినవెన్నో లెక్కపెట్టండి. నా సేకరణలో అవి 60 దాటలేదు. ఆ పట్టికలోంచి ఒక్కో సినిమాకు కొత్త డిస్కు వచ్చాక, పాతదాన్ని పక్కన పెట్టుకుని, మీకు బాగా తెలిసిన ఒకే దృశ్యాన్ని రెండింటిలోనూ చూడండి, సౌండ్ ట్రాకులూ సబ్‌టైటిళ్లూ వ్యాఖ్యానాలూ సరిపోల్చుకోండి. ఆ తర్వాతే పాతది ఇవ్వాలో ఉంచాలో నిర్ణయించండి. నేను చెప్పిన ఆ 1950ల చిత్రం కొన్నేళ్ల తర్వాత నెగటివ్ నుంచి స్కాన్ అయి, అసలు మోనో ట్రాక్‌తో 4కెలో వచ్చింది. కిటికీ దగ్గరి దృశ్యంలో ఇప్పుడు నుదుటి మీది చెమటే కాదు, ఉత్తరం కాగితం మడతలూ కనిపిస్తాయి. ఛాయాగ్రాహకుడి వ్యాఖ్యానం మాత్రం కొత్త డిస్కులో లేదు. అందుకని ఆ మూడేళ్లు వెతికిన డీవీడీ ఇప్పటికీ దాని పక్కనే ఉంది.