రిటైర్మెంటు వయసు పెరిగిందని దిగులుపడుతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. రిటైర్మెంటు వయసు పెంచేశారనీ, ఇంకెన్నాళ్లీ గానుగెద్దు బతుకనీ రాశావు. ఉద్యోగమంతా సిబ్బంది విభాగంలోనే చేసినదాన్ని. ఎంతోమంది రిటైర్మెంటు కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. ఆ వయసు దాటాక మళ్లీ పిలిస్తే నేనూ కొన్నేళ్లు పనిచేశాను. అందుకని ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఎన్నేళ్లు చెయ్యాలన్నది నీ చేతిలో లేదు. ఆ చివరి ఏళ్లలో ఏ పని చేస్తావన్నది మాత్రం ఇప్పుడే, యాభైల్లో ఉండగానే, అడిగి తేల్చుకో.

ఇది నీ ఒక్కడికే వచ్చిన కష్టం కాదు. 1889లో జర్మనీ వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చినప్పుడు అర్హత వయసు 70. 1916లో దాన్ని 65కి దించారు. అప్పట్లో ఆ వయసు చూసేవాళ్లే తక్కువ. ఇప్పుడు సంపన్న దేశాల్లో 65 దాటినవాళ్లు సగటున మరో ఇరవయ్యేళ్లు బతుకుతున్నారు, పుట్టే పిల్లలేమో తగ్గిపోయారు. జపాన్‌లో పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవాళ్లే. డెన్మార్క్ పింఛను వయసు 2040 నాటికి 70 అని 2025లో చట్టం చేసింది. చైనా కూడా 2025 నుంచి మగవాళ్ల రిటైర్మెంటు వయసును పదిహేనేళ్లలో 60 నుంచి 63కి తీసుకెళుతోంది.

అయితే అందరికీ ఒకే అంకె పెట్టడం నాకు నచ్చదు. ఇరవయ్యో ఏటికి ముందే బరువులెత్తడం మొదలుపెట్టిన మనిషి ఒళ్లూ, కుర్చీలో కూర్చుని ఫైళ్లు చూసిన నా ఒళ్లూ ఒకేలా అరగవు. 2023లో ఫ్రాన్స్‌లో 62ను 64 చేస్తామన్నప్పుడు లక్షలమంది వీధుల్లోకొచ్చారు. వాళ్లలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల కోపం న్యాయమైనదే అనిపించింది నాకు. నీకు మోకాళ్లు నొప్పులంటే అది సోమరితనమని ఎవరన్నా అంటే ఊరుకోకు.

ముందు నైట్ షిఫ్టుల సంగతి చూడు. వాటి నుంచి తప్పించమని ఇప్పుడే అడుగు. తర్వాత నువ్వు నిలబడే చోటు. జర్మనీలో డింగోల్ఫింగ్ అనే ఊళ్లోని బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ 2007లో ఒక పని చేసింది. పదేళ్ల తర్వాత తమ కార్మికుల సగటు వయసు 47 అవుతుందని అంచనా వేసి, సగటున ఆ వయసు వచ్చేలా మనుషుల్ని పెట్టి ఒక ఉత్పత్తి లైను నడిపింది. ఏం మార్చాలో వాళ్లనే అడిగింది. కాళ్ల కింద చెక్క నేల, కూర్చుని చేసుకునేందుకు కుర్చీలు, ఎత్తు మార్చుకునే బల్లలు, చిన్న భాగాలు కనబడటానికి భూతద్దాలు, ఇలా డెబ్బై దాకా చిన్న చిన్న మార్పులు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. మీ మేనేజరుతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి తప్పకుండా చెప్పు. ఒళ్లు బాగున్నప్పుడు అడిగితే కోరిక అంటారు, మంచాన పడ్డాక అడిగితే దయ అంటారు. ఆ తేడా నా టేబుల్ దగ్గర ఎన్నోసార్లు చూశాను.

కుర్చీ, అంటే పదవి వదులుకునే విషయం ఇంతకన్నా కష్టం. పెద్దవాళ్లు కొనసాగితే కుర్రాళ్లకు ఉద్యోగాలుండవంటారు. దేశం మొత్తం మీద ఉద్యోగాలు ఇన్నే అని లెక్కగట్టి ఉండవు కాబట్టి ఆ మాట పూర్తిగా నిజం కాదు. కానీ ఒక్క ఆఫీసు వరకూ చూస్తే, పైవాడు కదలకపోతే కిందివాళ్ల ప్రమోషన్లు ఆగిపోతాయి. ఆ వయసొచ్చాక కుర్చీ వదిలి పని ఉంచుకో. కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత ఇమ్మను. రేపు నీ దగ్గర నేర్చుకున్న పిల్లాడే నీ మీద అధికారి అవుతాడు. నలుగురిలో అతన్ని 'గారు' అనే పిలువు, అతని నిర్ణయం నచ్చకపోతే గదిలో ఒక్కడికే చెప్పు. ఇది చాతకాకే మంచి పనివాళ్లు చాలామంది చేదుగా బయటికెళ్లారు.

జీతం గురించి నోటిమాట నమ్మకు. జపాన్‌లో చాలా కంపెనీలు అరవయ్యేళ్లకు రిటైర్ చేసి, తక్కువ జీతానికి మళ్లీ తీసుకుంటాయి. అలాంటిది నీకూ రావచ్చు. గంటలు, జీతం, వైద్య బీమా, ఎన్నాళ్లకు మళ్లీ మాట్లాడుకోవాలో అన్నీ కాగితం మీద రాయించుకో.

పింఛను ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మరదలితో కూర్చుని లెక్కవేసుకో. అమెరికాలో పూర్తి పింఛను వచ్చే వయసు 67గా ఉన్నవాళ్లు 62కే మొదలుపెడితే నెలకొచ్చేది 30 శాతం తగ్గుతుంది, 70 దాకా ఆగితే 24 శాతం పెరుగుతుంది. మీ పథకంలో ఈ కోతలు, పెంపులు ఎంతెంతో అడిగి తెలుసుకో. ఆరోగ్యం బాగున్నవాళ్లకు ఆగడం లాభం. లేనివాళ్లకు ఆ లెక్క తిరగబడుతుంది. ఒకరి తర్వాత రెండోవారికి ఎంత వస్తుందన్నది కూడా అందులో చేర్చు, అది చాలామంది మరిచిపోతారు.

ముందు మోకాళ్ల పరీక్ష చేయించుకో. ఆ రిపోర్టు పట్టుకునే షిఫ్టు మార్పుకు అర్జీ పెట్టు. అర్జీ ముసాయిదా నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
అక్క