బిల్లు చట్టమయ్యాక అడిగితే ఏం లాభం?

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వం తేబోయే చట్టాల మీద మామూలు జనం అభిప్రాయం చెబితే ఎవరైనా పట్టించుకుంటారా? ఎమ్మెల్యేలను జవాబుదారీ చేయడం ఎలా? హైదరాబాద్‌లో ఎవరికైనా స్వానుభవం ఉందా?

పట్టించుకుంటారు. కాకపోతే బిల్లు అసెంబ్లీ గడప తొక్కకముందే అడగాలి. లోపలికి వెళ్లిపోయాక ఎంత గొంతు చించుకున్నా గోడకు చెప్పుకున్నట్టే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మ భూమి విషయంలో ఒక చట్టం మమ్మల్ని అడగకుండా వచ్చింది, ఇంకొకటి అడిగి వచ్చింది. రెండింటికీ తేడా ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మాది నల్లగొండ జిల్లా. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో స్థిరపడ్డాను, ఓటు కూడా ఇక్కడే. ఊళ్లో రెండెకరాల చెలక ఉంది. తొంభైల మొదట్లో మా నాన్న కొన్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక తెల్లకాగితం మీద రాసుకుని, ఇద్దరు పెద్దమనుషులతో సాక్షి సంతకాలు చేయించి, డబ్బు అప్పగించారు. సాదాబైనామా అన్నమాట. ఆ రోజుల్లో మా ఊళ్లో సగం కొనుగోళ్లు ఇలాగే జరిగాయి. అప్పటి నుంచీ దున్నుతున్నది మేమే, రికార్డుల్లో పట్టాదారు మాత్రం అమ్మినాయనే. నాన్న పోయారు, అమ్మినాయనా పోయారు. ఆయన కొడుకులు మంచివాళ్లు కాబట్టి ఇప్పటిదాకా గొడవ రాలేదు. కానీ పక్కవాళ్ల మంచితనాన్ని నమ్ముకుని ఎన్నాళ్లు బతుకుతాం?

2020లో ఏమైందో చూడండి. భూమి హక్కులు, పాసుపుస్తకాల బిల్లును సెప్టెంబరు 9న సభలో పెట్టారు, 11న ఆమోదించారు. ముసాయిదా ముందుగా జనం చేతికి రాలేదు. అక్టోబరు 12 నుంచి సాదాబైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. అమ్మ మీసేవకు వెళ్లి దరఖాస్తు పెట్టింది. అక్టోబరు 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చి, 1971 నాటి పాత చట్టం రద్దయింది. దరఖాస్తులు మాత్రం నవంబరు 10 దాకా తీసుకుంటూనే ఉన్నారు. తీరా చూస్తే, పాత చట్టంలో ఉన్న క్రమబద్ధీకరణ సెక్షన్ కొత్త చట్టంలో లేదు! రద్దయిన చట్టం కింద దరఖాస్తులు ఎలా పరిష్కరిస్తారని హైకోర్టు ఆపింది. దాదాపు తొమ్మిది లక్షల దరఖాస్తులు అటకెక్కాయి. దీనికి తోడు, రికార్డులో తప్పు దొర్లితే ఆర్డీవోకు అప్పీలు చేసుకునే దారి కూడా ఆ చట్టంలో మూసేశారు. సివిల్ కోర్టుకు వెళ్లమన్నారు. రెండెకరాల రైతు సివిల్ కోర్టుకు వెళ్తే మిగిలేది వకీలు ఫీజు రసీదులే.

శాసనసభలో 119 మంది, మండలిలో 40 మంది ఉన్నారు. వాళ్లలో చాలామంది పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లే, సాదాబైనామా అంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక్క నెల రోజులు ఆ బిల్లును జనం మధ్య ఉంచి ఉంటే మా ఊరి పెద్దమనుషులే ఆ లోపం పట్టేసేవారు. ఇందులో నాకు అణువంత సందేహం లేదు.

2024 ఆగస్టులో కథ మారింది. కొత్త బిల్లు ముసాయిదాను భూపరిపాలన శాఖ, అంటే సీసీఎల్ఏ వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ నెల 23లోగా సలహాలు పంపమన్నారు. నేను ప్రింటు తీయించుకుని ఇంటికి తెచ్చాను. నా చేతికి వచ్చింది ఇంగ్లీషు ప్రతి. సాయంత్రం అమ్మ సోరకాయ తరుగుతుంటే పక్కన కూర్చుని ఒక్కో సెక్షన్ తెలుగులో చెబుతూ వచ్చాను. పై అంతస్తులో అద్దెకుండే వరంగల్ దంపతులు కూడా దిగొచ్చారు. వాళ్ల పాసుపుస్తకంలో ఇంటిపేరు తప్పు పడి, ఏళ్లుగా తిరుగుతున్నారు.

అమ్మ చదువుకోలేదు. కానీ ఆమె అడిగిన ప్రశ్నలు మా ఆఫీసులో ఆడిటర్లు కూడా అడగరు. "బిడ్డా, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలా, నేను పెట్టింది చెల్లుతుందా?" అంది మొదట. లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా వెనక ప్లాస్టిక్ కవరులో దాచుకున్న మీసేవ రసీదు తెచ్చి ముందు పెట్టింది. తర్వాత, "ఎన్నాళ్లలో తేల్చాలో ఇందులో రాశారా?" అంది. చివరికి, "కాదంటే ఎందుకు కాదన్నారో కాగితం మీద రాసిస్తారా, నోటితోనే పొమ్మంటారా?" అంది.

ఆ మూడు ప్రశ్నలే నా లేఖ. వరంగల్ దంపతుల విషయం నాలుగోది. పాత దరఖాస్తులను చెల్లుబాటు చేయాలి, గడువు పెట్టాలి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, పేరులో తప్పు దిద్దడానికి కోర్టుకు పంపకూడదు. ఒక పేజీ దాటలేదు. మెయిల్ పంపి, ఒక ప్రతి నాంపల్లి స్టేషన్ రోడ్డులోని సీసీఎల్ఏ ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని వచ్చాను.

ఆ ఏడాది డిసెంబరులో, అసెంబ్లీ సమావేశాలకు కాస్త ముందు, మా కాలనీకి ఎమ్మెల్యే వచ్చారు. కమ్యూనిటీ హాలు నిండిపోయింది. మొదటి అరగంట సన్మానానికే సరిపోయింది. ఈ శాలువాల పద్ధతి మానుకోవాలని అసోసియేషన్‌కు ఎన్నిసార్లు చెప్పానో. మనం ఎన్నుకున్న మనిషి మనకు లెక్క చెప్పడానికి వస్తే, ఆయన మెడలో దండ వేసి కుర్చీలో కూర్చోబెడితే ఇక లెక్క అడిగే నోరెక్కడిది?

ప్రశ్నలు మొదలయ్యాయి. డ్రైనేజీ, కుక్కలు, వీధి దీపాలు, పార్కు ప్రహరీ. నా వంతు వచ్చింది. లేచి, "సార్, భూమి హక్కుల బిల్లు సభకు రాబోతోందని పేపర్లలో వస్తోంది. ఆగస్టులో పెట్టిన ముసాయిదా మీరు చదివారా? సాదాబైనామా దరఖాస్తుల గురించి సభలో మాట్లాడతారా?" అని అడిగాను.

ఆయన కోప్పడలేదు, నవ్వారు. "అన్నా, మనది సిటీ నియోజకవర్గం. మనకు వ్యవసాయ భూములెక్కడివి? బిల్లుల సంగతి పార్టీ చూసుకుంటుంది. మీకు డ్రైనేజీ కావాలా, చట్టం కావాలా చెప్పండి" అన్నారు. హాలంతా నవ్వింది.

అప్పుడు మా రెండో వీధిలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ లేచారు. డెబ్బై దాటిన మనిషి, మైకు అక్కర్లేని గొంతు. "నాయనా, మాకు రెండూ కావాలి. డ్రైనేజీకి జలమండలి ఉంది. దీపాలకు జీహెచ్ఎంసీ ఉంది. చట్టం చేయడానికి మీరు తప్ప మాకు ఇంకెవరున్నారు?" అన్నారు. అంతటితో ఆగలేదు. వెనక్కి తిరిగి, "ఊళ్లో భూమి ఉన్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు.

హాల్లో ముప్పాతిక మంది చేతులు లేచాయి. ఖమ్మం, మెదక్, మహబూబ్‌నగర్, కరీంనగర్... ఎవరి ఊరు వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన భూరికార్డుల పోర్టల్ ధరణిలో తన భూమి అమ్మకాలు కుదరని నిషేధిత జాబితాలో పడిందన్నాడు, ఒకావిడ అన్నదమ్ముల వాటా గురించి చెప్పింది. వేదిక మీద నవ్వులు ఆగిపోయాయి. ఎమ్మెల్యే గారు పీఏను పిలిచి రాసుకోమన్నారు, నా లేఖ ప్రతి కూడా తీసుకున్నారు. తర్వాత ఆ పీఏ ఫోన్ చేసి ముసాయిదా లింకు పంపమని అడిగాడు. అంటే అప్పటిదాకా వాళ్ల ఆఫీసులో ఆ ముసాయిదా లేదు! సభలో ఆయన దాని గురించి మాట్లాడలేదు. అయినా చదివించామన్న తృప్తి మాకుంది. ఓటు వేసే చెయ్యి ఎవరిదో, ఆ చేతికి ఏ ఊళ్లో మట్టి అంటుకుని ఉందో ఆ రోజు ఆయనకు తెలిసింది.

బిల్లును డిసెంబరు 18న సభలో పెట్టి 20న ఆమోదించారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టంగా అమల్లోకి వచ్చింది. 2020 అక్టోబరు 12, నవంబరు 10 మధ్య పెట్టుకున్న సాదాబైనామా దరఖాస్తులను పరిశీలించే సెక్షన్ అందులో ఉంది. అప్పీళ్లు కూడా తిరిగి వచ్చాయి. మాలాంటివాళ్లు తలా ఒక పేజీ రాసి పంపినందువల్లే అవి నిలబడ్డాయని నా గట్టి నమ్మకం. 2025 ఆగస్టులో హైకోర్టులో అడ్డంకి కూడా తొలగింది. అమ్మ దరఖాస్తు ఇప్పుడు విచారణలో ఉంది.

ఒక్కసారి తేదీలు పోల్చి చూడండి. 2020 బిల్లు సెప్టెంబరు 9న పెడితే 11న అయిపోయింది. 2024 బిల్లు డిసెంబరు 18న పెడితే 20న అయిపోయింది. సభ లోపల రెండింటికీ దక్కిన సమయం ఒక్కటే. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రి మారారు, హడావుడి మాత్రం మారలేదు. తేడా వచ్చింది సభ బయట, ఆ ఆగస్టు నెలలో. అందుకే టీవీ చానళ్లలో ఎవరు ఎవరి మీద అరిచారు, ఎవరు వాకౌట్ చేశారు అన్న చర్చలు చూసి సమయం వృథా చేసుకోకండి. మూజువాణి ఓటు వేసేనాటికి పని ఎప్పుడో పూర్తయి ఉంటుంది.

ఇది మన ఒక్క రాష్ట్రం జబ్బు కూడా కాదు. శాసనసభల పనితీరు లెక్కగట్టే పీఆర్ఎస్ సంస్థ ప్రకారం, 2023లో రాష్ట్రాలు ఆమోదించిన బిల్లుల్లో 44 శాతం సభలో పెట్టిన రోజునో మర్నాడో గట్టెక్కాయి. బిల్లును కొందరు సభ్యులతో కూర్చి లోతుగా పరిశీలించే సెలెక్ట్ కమిటీకి పంపవచ్చు, ప్రజాభిప్రాయ సేకరణకు పంపవచ్చు, సభా నిబంధనల్లో ఈ దారులన్నీ ఉన్నాయి. వాడేవాళ్లే లేరు. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది. అది కేంద్ర శాఖలకే, రాష్ట్రాలకు వర్తించదు. పైగా విధానమే తప్ప చట్టం కాదు. తెలంగాణ ఆ 30 రోజుల నియమాన్ని చట్టంగా చేసుకోవాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు, కుదరదనడానికి ఒక్క కారణం కూడా నాకు కనిపించడం లేదు.

"పార్టీ చూసుకుంటుంది" అన్న మాటకు మళ్లీ వస్తాను, నన్ను బాగా బాధించిన మాట అది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్, అంటే ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరించి ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. అందువల్ల ఎమ్మెల్యే బిల్లు చదివినా చదవకపోయినా ఒక్కటే అయిపోయింది. పోనీ ఫిరాయింపులైనా ఆగాయా? 2019లో కాంగ్రెస్‌కు అప్పటికి ఉన్న 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత అదే ఆట తిరగబడి, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న ఆ పార్టీ నుంచి కాంగ్రెస్‌లోకి మొదలైంది. పది మంది మీద వచ్చిన పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. మనసు విప్పి మాట్లాడాల్సిన చోట నోరు కట్టేసి, కాళ్లకు మాత్రం స్వేచ్ఛ ఇచ్చిన చట్టం ఇది. విప్‌ను అవిశ్వాస తీర్మానానికీ బడ్జెట్‌కూ పరిమితం చేసి, మిగతా బిల్లుల మీద సభ్యులను స్వేచ్ఛగా ఓటు వేయనివ్వాలి. అప్పుడు "మీరు ఎటు ఓటు వేశారు?" అని నిలదీయడానికి అర్థం ఉంటుంది.

అప్పటిదాకా మనం అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. బిల్లు చదివారా? ఏ సెక్షన్ మీద అభ్యంతరం ఉంది? సవరణ ప్రతిపాదించారా? సభలో మాట్లాడారా? ఇవి నలుగురి ముందు అడగాలి. ఒంటరిగా క్యాంపు ఆఫీసుకు వెళ్లి అడిగితే టీ ఇచ్చి పంపుతారు. రోడ్లు, కాలువల గురించి ఎమ్మెల్యేను అడగడం మానేస్తే ఈ రాష్ట్రం సగం బాగుపడుతుందని నేను ఎక్కడైనా అంటాను.

భూమి లేనివాళ్లకు దీనితో పనేమిటి అనుకోకండి. భూభారతి అమలైన 2025 ఏప్రిల్ 14నే గిగ్ కార్మికుల, అంటే యాప్‌ల ద్వారా డెలివరీ లాంటి పనులు చేసేవాళ్ల, బిల్లు ముసాయిదా కూడా జనం ముందుకు వచ్చింది. గడువు రెండు వారాలే. మా అపార్ట్‌మెంట్‌కు రోజూ పార్సిళ్లు తెచ్చే కుర్రాడికి ఆ సంగతే తెలియదు. ఎండలో పొద్దంతా బండి మీద తిరిగేవాడు ఏ వెబ్‌సైట్ చూస్తాడు? మెట్ల మీద కూర్చోబెట్టి నీకేం కావాలో చెప్పమంటే, "యాప్‌లో నా ఐడీ ఎందుకు ఆపేశారో చెప్పాలన్నా, అంతే" అన్నాడు. ఆ మాటనే రాసి అతని పేరుతో పంపాం. ముసాయిదాలు పెట్టేటప్పుడు మంచి తెలుగులో పెట్టాలి, రెండు వారాలు కాదు నెల ఇవ్వాలి, వార్డు ఆఫీసుల్లో అంటించాలి. రవీంద్రభారతి దగ్గర బారికేడ్లు కనిపిస్తే తప్ప ఈ నగరంలో సగం మందికి అసెంబ్లీ నడుస్తోందని తెలియదు. ఇది జనం తప్పు కాదు.

మీరు రాయదలిస్తే, ఆ శాఖ వెబ్‌సైట్‌లో ముసాయిదా ఉందేమో ముందు చూడండి. లేకపోతే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ఎత్తిచూపి అడగండి. ప్రజల మీద ప్రభావం చూపే విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వివరాలు ప్రచురించాలని అందులో ఉంది. "ఈ చట్టం అన్యాయం" అని రాస్తే పక్కన పడేస్తారు, కాబట్టి సెక్షన్ నంబరు వేసి, దాని వల్ల మీకు జరిగే నష్టం, ఆ చోట ఉండాల్సిన వాక్యం రాయండి. పేజీ దాటనివ్వకండి. ఒక ప్రతి ఎమ్మెల్యేకు పంపండి, ఒకటి ఆఫీసులో స్వయంగా ఇచ్చి, మీ దగ్గరుండే ప్రతి మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి.